గీత లోపలి పేరు

మా అపార్టుమెంటు వెనక ఒక ప్రైవేటు స్కూలుంది. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక అక్కడి సిమెంటు కోర్టులో ఎవరో ఆడపిల్ల బాస్కెట్‌బాల్ ఆడుతుందని వాచ్‌మన్ చెప్పాడు. నా వంటింటి కిటికీలోంచి కోర్టు కనిపించదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. బంతి నేలను తాకుతుంది, కాసేపు ఆగుతుంది, రింగు ఇనుము మోగుతుంది, తర్వాత బంతి వెంట పరుగు. మళ్లీ మొదటి నుంచి అదే వరస. నిన్న పప్పులోకి తాలింపు వేస్తూ వింటున్నాను. నలుగురు ఆడేచోట బంతి కంటే మనుషుల గొంతులే ఎక్కువ వినిపిస్తాయి. ఇక్కడ బంతి తప్ప ఇంకో గొంతు లేదు. ఆ పిల్ల ఒక్కతే ఆడుతోంది. తాలింపు మాడిపోయింది. స్టవ్ కట్టేసి అక్కడే నిలబడిపోయాను. రాజేశ్వరి మేడం గుర్తొచ్చింది.

మీకెవరికీ ఆమె తెలియదు. పేపర్లో ఆమె ఫొటో వచ్చిందంటే అది జట్టంతా కలిసి దిగిన ఫొటోయే, అందులోనూ వెనక వరసలో. పొడుగు మనిషికి ఎప్పుడూ వెనక వరసే. నాకు ఆట నేర్పింది ఆమె. ఆ ఆటతోనే నాకు ఉద్యోగం వచ్చింది, ఈ సికింద్రాబాదులో ఒక ఇల్లూ వంటగదీ అమిరాయి. అంత చేసిన మనిషి నన్ను అడిగింది ఒకటే, తనను పేరు పెట్టి పిలవమని. అది నాకు ఎంత కష్టమైందో చెప్పాలంటే మా ఊరి నుంచి మొదలుపెట్టాలి.

మాది భద్రాచలం దాటాక అడవి అంచున ఒక కోయ గూడెం. ఇంట్లో కోయ మాట్లాడేవాళ్లం. ఆశ్రమ పాఠశాలలో చేర్చేనాటికి నాకొచ్చిన తెలుగు అంతంతమాత్రం. నోరు తెరిస్తే తోటిపిల్లలు నవ్వేవారు, అందుకని నోరు తెరవడం మానేశాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం మేడం బస్సు దిగి వచ్చింది. చేతిలో సూట్‌కేసు, భుజాన వలసంచిలో రెండు బంతులు. తలుపు తగలకుండా తల వంచుకుని లోపలికి వచ్చింది. కుడి మోకాలు సరిగా వంగేది కాదు. కొత్త పీఈటీ మేడం అనీ, పెద్ద టీములో ఆడి వచ్చిందనీ వార్డెన్ చెప్పింది. అంత పెద్ద టీములో ఆడిన మనిషి మా అడవికెందుకు వచ్చిందని ఎవరూ అడగలేదు. మేం మాత్రం సాయంత్రానికల్లా ఆమెకు తాటిచెట్టు మేడం అని పేరు పెట్టేశాం. అది ఆమె చెవిన పడనే పడింది. "మంచిగనే పెట్టిండ్రు. తుమ్మచెట్టు అననందుకు సంతోషం" అని ఊరుకుంది.

స్కూలు వెనక కంపచెట్లు కొట్టించి, ఎర్రమట్టి చదును చేయించి, రెండు టేకు స్తంభాలకు పలకలు బిగించి రింగులు పెట్టించింది. చుట్టూ సున్నంతో గీత గీసేది. వాన పడితే అది కొట్టుకుపోయేది, పొద్దున్నే మళ్లీ తనే గీసేది. చెడిపోయేదాన్ని రోజూ గీయడమెందుకో మాకు అర్థమయ్యేది కాదు. మా చేతులు, కాళ్లు బాగానే ఉన్నాయనీ, నోళ్లే పనికిరావనీ మొదటివారంలోనే తేల్చేసింది. "చేతులొక్కటే ఆడితే సరిపోదు బిడ్డా, నోరు గూడ ఆడాలె. బంతి ఎవలకు ఇస్తున్నవో పిలిచి చెప్పాలె" అనేది. నన్ను ఒక స్తంభం దగ్గర నిలబెట్టి, తను అవతలి స్తంభం దగ్గర నిలబడి "నీ పేరేంది?" అని అడిగేది. నేను గొణిగేదాన్ని. "నాకు ఇనవడలే" అనేది. నాకు కళ్లనీళ్లు వచ్చేదాకా వదిలేది కాదు. అలా ఒక పొద్దున నా పేరు మొదటిసారి నా చెవులకే గట్టిగా వినిపించింది. భయమేసింది, ఆ భయం నాకు నచ్చింది కూడా.

ఖమ్మంలో జిల్లా పోటీలు జరిగాయి. మా అందరి కంటే పెద్దది, టీము కెప్టెన్ పార్వతక్క. ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా బంతి నా చేతికొచ్చింది. పార్వతక్క రింగు కింద ఒంటరిగా ఉంది. మేడం చెప్పింది గుర్తొచ్చి, గొంతు చించుకుని "అక్కా" అని అరిచి బంతి విసిరాను. మా జట్టులో నాకు అందరూ అక్కలే. ముగ్గురు ఒకేసారి నా వైపు తిరిగారు. అవతలి జట్టులో ఒకమ్మాయి కూడా తిరిగింది. గట్టు మీద పల్లీలు అమ్ముకునే ఆమె కూడా ఎవరో తననే పిలిచారనుకుని లేచి నిలబడింది. బంతి మాత్రం అందరి మధ్య నుంచి హాయిగా దొర్లుకుంటూ గీత దాటిపోయింది. ఓడిపోయాం. తిరుగు బస్సు ఎక్కాం. ముందు సీట్లో మేడం భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. లేచి చూస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "నలుగురు అక్కలు తిరిగి సూసిరి, ఒక్క అక్క బంతి పట్టలే" అంది.

మర్నాడు పొద్దున సున్నం గీత గీసి మమ్మల్ని దాని పక్కన నిలబెట్టింది. "ఇగో, ఈ గీత లోపల అక్క లేదు, చెల్లె లేదు. పేర్లే. గీత దాటినంక మీ వరసలు మీ ఇష్టం" అంది. పార్వతక్క మొహం మాడ్చుకుంది. "చిన్నపిల్ల నన్ను పేరు పెట్టి పిలుస్తే నాకేం మర్యాద ఉంటది మేడం?" అని అడిగింది. "మర్యాద యాడికి పోదు. చెప్పులు ఇడిసినట్టు గీత బయట ఇడిసి రా, పోయేటప్పుడు తొడుక్కోని పో" అంది మేడం. నా పేరు సమ్మక్క. దానితో ఇంకో చిక్కు వచ్చింది. "నీ పేర్లనే అక్క ఉన్నదాయె, కోసేద్దాం" అని నన్ను సమ్మను చేసింది. మొదట్లో పార్వతీ అని పిలిచిన ప్రతిసారీ నాకు నాలుక కరుచుకున్నట్టుండేది. ఆట అయ్యాక గీత దాటీ దాటగానే ఆమె చేయి పట్టుకుని అక్కా అక్కా అంటూ తిరిగేదాన్ని, అప్పు తీర్చినట్టు.

ఒకరోజు ఎవరో అడిగారు, "మరి మీరు ఆడితే ఏమని పిలవాలె మేడం?" అని. "నేను లోపలికొస్తే నేను గూడ పేరే. రాజీ అనుండ్రి. టీముల నన్ను గట్లనే పిలిచేటోళ్లు" అంది మామూలుగా. మేం చున్నీలూ చేతులూ అడ్డం పెట్టుకుని నవ్వాం. ఆమె మాత్రం వేళాకోళం ఆడలేదు. మాతో ఆడేటప్పుడు మేం "మేడం, మేడం" అని అరిస్తే బంతి వదిలేది కాదు, చంకలో పెట్టుకుని నిలబడేది. "మేడం అగో, ఆ కుర్చీల కూసున్నది. ఇక్కడ లేదు" అని బయట ఖాళీ కుర్చీ చూపించేది. ఆ పేరు మా నోట వచ్చేది కాదు. ఆట చప్పబడేది. కాసేపు చూసి, బంతి మా మధ్య దొర్లించి, కాలీడ్చుకుంటూ వెళ్లి ఆ కుర్చీలో కూర్చునేది.

ఆ మరుసటి ఏడు గోదావరి పెద్దగా వచ్చింది. స్కూలుకు సెలవులిచ్చారు, పిల్లల్ని ఎవరిళ్లవాళ్లు తీసుకుపోయారు. మా గూడెం దారిలో వాగు పొంగి మా నాన్న రాలేకపోయాడు. మేడం నన్ను తన కిరాయి గదికి తీసుకెళ్లింది. ఆ గదిలో ఒక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు. కంచంలో నాకు అన్నం పెట్టి తను గిన్నెలోనే కలుపుకుని తింది. ఆ ఇంటికి అంతవరకు రెండో మనిషి భోజనానికి రాలేదని నాకు అప్పుడే తెలిసింది. సాయంత్రం మోకాలికి నూనె రాసుకుంటుంటే ధైర్యం చేసి అడిగాను, ఆట ఎందుకు బంద్ చేసిందని.

"ఆటనే నన్ను బంద్ చేసింది" అంది. "చిన్నగున్నప్పుడే టీముల తీసుకున్నరు. ఉద్యోగం ఇచ్చిండ్రు. రైలు, లాడ్జి, గ్రౌండు. ఏ ఊరు పోయినా గవే సూసిన, ఊరు సూడలే. గయినా మంచిగుండె. ఒకపారి ఎగిరి దిగంగ మోకాలు తిరిగింది. దవాఖానాకు టీమంత వచ్చిండ్రు. ఎనుకంగ వాళ్లకు టోర్నమెంటు ఉండె, పోయిండ్రు. తప్పు పట్టను, నేనున్నా పోదును. తర్వాత ఆఫీసుల కుర్చీ ఇచ్చిండ్రు. ఆడ అందరు మేడం, మేడం. నా కాలు ఆ కుర్చీల నిలువక బళ్లె ఆట చెప్పేటందుకు వచ్చిన. ఈడ గూడ గదే పిలుపాయె." నూనె చేయి తుడుచుకుంది. "పేరు పెట్టి పిలిచేది మా అమ్మ ఒక్కతే ఉండె. ఆమె గూడ పోయింది. ఎవలు పిలువకుంటే పేరు ఉండి లేనట్టే సమ్మా. ఈడ ఎవలు లేరు గద, ఒక్కసారి పిలువు."

పిలుద్దామనే అనుకున్నాను. గొంతు దాకా వచ్చింది. "రా..." అన్నాను. అక్కడితో నాలుక అడ్డం తిరిగింది. "రాత్రికి ఏం వండుదాం మేడం?" అనేశాను. ఆమె నా వంక చూసి, పెద్దగా నవ్వి, "పప్పు" అంది. లేచి కిటికీ దగ్గరకు వెళ్లి వాన చూస్తూ చాలాసేపు నిలబడింది. నేను కందిపప్పు కడిగాను.

ఇంటర్ అయ్యాక ఒక ప్రభుత్వ శాఖ మహిళా జట్టుకు సెలెక్షన్లు జరిగితే మేడమే నన్ను సికింద్రాబాదు తీసుకొచ్చింది. అక్కడ ఆడటానికి వచ్చిన అమ్మాయిల పేర్లన్నీ ఆట మొదలుకాకముందే అడిగి నేర్చుకున్నాను. కోర్టులో అందరినీ పేరుపేరునా పిలిచి ఆడాను. నా ఎత్తు చూసి కాదు, గొంతు విని తీసుకున్నామని తర్వాత మా కోచ్ చెప్పాడు. ఇక నాకూ రైలు, లాడ్జి, గ్రౌండు. చుట్టూ హిందీ, మలయాళం. మ్యాచ్ లేనప్పుడు మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఆదివారం పూట రూపాయి బిళ్ల ఫోను నుంచి మేడంకు ఫోన్ చేసేదాన్ని. బాగా ఆడావా అని ఎప్పుడూ అడగలేదు. "నిన్నేమని పిలుస్తున్నరు?" అనేది. "సమ్మా అనే మేడం" అంటే, "అవ్, మంచిగున్నది" అని కాసేపు ఊరుకునేది. ఆ కాసేపు దేనికోసమో నాకు తెలుసు. ఫోనులో గీత ఎక్కడుంటుందో తెలియక, "ఉంటాను మేడం" అని పెట్టేసేదాన్ని.

కొన్నేళ్లకు ఆమెకు జూలూరుపాడు వైపు బదిలీ అయింది. టోర్నమెంట్ల మధ్య సెలవు దొరికితే ఖమ్మం మీదుగా బస్సులో వెళ్లాను. సాయంత్రం పిల్లలు ఆడుతున్నారు. మేడం గీత బయట ప్లాస్టిక్ కుర్చీలో, చేతికర్రతో కూర్చుని ఉంది. జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి "వచ్చినవా, లోపలికి దిగు" అంది, రోజూ వచ్చే మనిషితో అన్నట్టు. చెప్పులు విప్పి పిల్లలతో ఆడటం మొదలుపెట్టాను. కాసేపటికి ఏమనిపించిందో, ఆమె కర్ర కుర్చీకి ఆనించి లేచింది. మెల్లగా గీత దాటి, రింగు వైపు మొహం పెట్టి, మాకు వీపు చూపిస్తూ నిలబడింది. పిల్లలు భయపడి ఆగిపోయారు. ఒకమ్మాయి "మేడం, కాలు పైలం" అంది. ఆమె కదల్లేదు. బంతి నా చేతిలో ఉంది.

"రాజీ" అని పిలిచాను.

ముందు ఆమె చేతులు లేచాయి. ఆ తర్వాతే మొహం తిరిగింది. నేను విసిరిన బంతిని గుండెల మీద పట్టుకుంది. నేను రింగుకు వేస్తుందని చూస్తున్నాను. ఆమె వేయలేదు. బంతిని అలాగే పట్టుకుని, "ఇంకోసారి పిలువు" అంది. పిలిచాను. నేను పిలవగా చూసి ఆ పిల్లలు కూడా పిలిచారు, ఒకరి తర్వాత ఒకరు, సిగ్గుపడుతూ. బస్సుకు టైమయ్యేదాకా ఆమె గీత బయటికి రాలేదు.

ఆమె పోయినప్పుడు నేను వేరే రాష్ట్రంలో మ్యాచ్ ఆడుతున్నాను. కబురు అందేసరికి అంతా అయిపోయింది. తర్వాత నా మడమ కూడా ఆడనివ్వలేదు, నాకూ ఆఫీసులో ఒక కుర్చీ ఇచ్చారు. అక్కడ నేను మేడంని, అపార్టుమెంటులో ఆంటీని, ఊరికెళ్తే అందరికీ సమ్మక్కను. సమ్మా అని పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఒంటరిగా ఉంది. ఆ మాట దాచి లాభం లేదు, ఆమె కూడా నా దగ్గర దాచలేదు.

ఇవాళ పప్పు తొందరగా వండేశాను. కింద బంతి చప్పుడు మొదలైంది, ఇంకా ఒక్కతే. పాత బూట్లు వెతికి తీశాను. మడమ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు కిందికి వెళ్లి ఆ పిల్ల పేరు అడగాలి.