తిరిగేదానికి బొట్టు

మా ఊళ్లో ఒక ఆడమనిషి కారు బానెట్టు ఎత్తితే చాలు, దారిన పోయే ప్రతి మగవాడూ మెకానిక్కు అయిపోతాడు. ఆ ఆదివారం ఉదయం నేను ఇంటి ముందు బానెట్టు ఎత్తి, బడి ల్యాబు నుంచి తెచ్చుకున్న మల్టీమీటరు చేతిలో పట్టుకుని నిలబడ్డానో లేదో, పాల సైకిలాయన ఒంటికాలు నేలకు ఆనించి ఆగాడు.

"బ్యాటరీ పోయింటాది మేడమా."

"బ్యాటరీ కొత్తదప్పా."

"కొత్తదైనా పోతాది" అని తీర్పు చెప్పి వెళ్లాడు. ఆయన వెనకే మోటారుసైకిలు మీద వచ్చిన ఇంకో పెద్దమనిషి, "ఇంట్లో మగోళ్లెవురూ లేరామ్మా?" అని అడిగాడు. ఎందుకు లేరు, మా అన్న ఉన్నాడు. వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. ఆయనకు కారు తోలడం కూడా రాదు. నేను హైస్కూల్లో ఫిజిక్సు టీచర్ని, పిల్లలకు కరెంటు పాఠం చెప్పి చెప్పి గొంతు అరిగినదాన్ని. అయినా ఆ పెద్దమనిషి చూపు నన్ను దాటి మా అన్న మీదికే పోయింది.

ఆ కారు సరదాకు కొన్నది కాదు. మా అమ్మకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు కడపకు తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. మాది కడప నుంచి రాజంపేటకు పోయే దారిలో ఒక నేత ఊరు. బస్సులకు కొదవ లేదు గానీ, గంటలకు గంటలు రక్తం శుభ్రం చేయించుకుని బయటపడిన మనిషి బస్సులో ఊగుతూ నిలబడి రాలేదు. అందుకే ఈ పాత కారు కొన్నాను, ఈ వయసులో తోలడం నేర్చుకున్నాను.

పోయిన నెలలో ఒక ఉదయం బండి కదలనంటే కడప మెకానిక్కు వచ్చి కొత్త బ్యాటరీ వేశాడు. మొన్న గురువారం ఆస్పత్రి నుంచి తిరిగి వస్తుంటే, భాకరాపేట దాటాక స్పీడోమీటరు పక్కన ఎర్ర లైటు వెలిగి బండి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. మంగంపేట గనుల నుంచి వచ్చే ముగ్గురాయి లారీలు టార్పాలిను కూడా కప్పకుండా మా మీద బూడిదరంగు దుమ్ము పోస్తూ పోతున్నాయి. ఆపి ఏమైందని అడిగినవాడు లేడు. అమ్మ వెనక సీట్లో తల వాల్చి, కళ్లు మూసుకునే అంది.

"ఇంగ సాలు పాపా. నన్ను తిప్పింది సాలు. ఇంగ నేను రాను."

ఈ మాట ఆమెకు కొత్త కాదు. డయాలసిస్ మొదలైన నాటి నుంచీ ప్రయాణం రోజు పొద్దున ఇదే పాట. నేను గదమాయించడం, ఆమె సణుగుతూ ఎక్కడం మామూలే. కానీ ఈసారి మా అన్న ఆ మాటను పట్టుకున్నాడు. "అమ్మే వద్దంటాంటే నువ్వెందుకు పీడిస్తాండావు? బండి అమ్మేద్దాం. ఉన్నన్నాళ్లు ఇంట్లో కూసోని ప్రశాంతంగా ఉంటాది" అన్నాడు. డయాలసిస్ మానేస్తే ఎన్నాళ్లుంటుందో ఆయనకు తెలియక కాదు. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ సోమవారం పోవాలి. ఆలోపు బండి లేవకపోతే అమ్మ మాటే నెగ్గుతుంది.

ఇక ఆ మెకానిక్కు సంగతి. గురువారం రోడ్డు మీదికి వచ్చి, మల్టీమీటరు పెట్టి చూడకుండా, ఒక్క తీగ కూడా తాకకుండా, వేసిన బ్యాటరీయే చెడ్డదని ఇంకొకటి వేశాడు. "డైనమో చూసినావా అప్పా?" అని నేను అడిగితే, వెనకనుంచి స్కూటరు మీద వచ్చిన మా అన్న వైపు తిరిగి జవాబు చెప్పాడు. "డైనమో బాగుండాది సార్, సౌండు ఇనండి." అడిగింది నేను, జవాబు ఆయనకు. డైనమో బాగుందో లేదో సౌండు విని చెప్పేవాడిని నేను మొదటిసారి చూశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వాడికి తెలియని ప్రతిదానికీ తప్పు బ్యాటరీదే.

డైనమో అంటే ఇంజను తిరుగుతుంటే దానితో పాటు తిరిగి బ్యాటరీకి కరెంటు అందించే యంత్రం. పుస్తకాల్లో ఆల్టర్నేటరంటారు. బండి ఆఫ్ చేసి బ్యాటరీ మీద మీటరు పెడితే పన్నెండు వోల్టుల చిల్లర చూపింది. బండి స్టార్టు చేస్తే అది పద్నాలుగు దాకా ఎగబాకాలి. ఎగబాకకపోగా దిగింది. హెడ్‌లైట్లు వేస్తే ఇంకా దిగింది.

"చూడన్నా. బ్యాటరీ తప్పేం లేదు, దానికి అన్నం పెట్టేవాళ్లే లేరు" అన్నాను. ఆయన పేపరు తిప్పాడు.

బెల్టు నొక్కి చూశాను, బిగువుగానే ఉంది. డైనమో నుంచి బ్యాటరీకి పోయే లావు తీగ కూడా బాగానే ఉంది. ఇక మిగిలింది డైనమో కడుపు. దానికో తేలిక పరీక్ష ఉంది. ఇంజను ఆపి, తాళంచెవి మాత్రం ఆన్‌లో ఉంచితే డైనమో లోపలికి కొంచెం కరెంటు పోయి అది అయస్కాంతం అవుతుంది. వెనక భాగానికి పానా దగ్గర పెడితే పట్టి లాగాలి. నేను పెట్టాను. అది ఉలకలేదు, పలకలేదు. అంటే లోపలికి కరెంటు చేరడమే లేదు.

బ్యాటరీ తీగలు ఊడదీసి, డైనమో వెనక మూత విప్పాను. పాత మోడలు కాబట్టి అది చేతికి అందేలా పైనే ఉంటుంది. లోపల బలపం ముక్కల్లాంటి కార్బన్ బ్రష్షులు ఉంటాయి. స్ప్రింగు తోస్తుంటే తిరిగే కడ్డీని ఆనుకుని కరెంటు అందించడమే వాటి పని. అవి గూట్లో అతుక్కుపోయి కడ్డీకి ఆనకుండా ఉన్నాయి. ముగ్గురాయి దుమ్మే ఇందులో చేరిందని నాకు నమ్మకం. ఆ లారీల వాళ్లను తిట్టడానికి మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. కలెక్టరుకు పెట్టబోయే అర్జీ కూడా మనసులో సగం రాసేశాను.

కానీ ముగ్గురాయి దుమ్ము ఎర్రగా ఉండదు. ఇది ఎర్రగా, అంచుల్లో పసుప్పచ్చగా, బంకబంకగా ఉంది. వేలితో తీసి వాసన చూశాను. పులిసిన కొబ్బరినీళ్ల వాసన.

"అన్నా, ఈ బండికి పూజ చేసిందెవరు?"

ఆయన మొదటిసారి పేపరు దించాడు. "దసరాకు టెంకాయ నేనే కొట్టినా. ముందర టైరు కాడ. ఇంజను జోలికి పోలేదు."

ఇద్దరం ఒకేసారి లోపలికి చూశాం. నడవలో మూలపడిన మగ్గం పక్కన మంచం మీద అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మరీ గట్టిగా నిద్రపోతోంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కడప మెకానిక్కు ఏ పాటి.

"నువ్వేనా?" అన్నాను మంచం దగ్గర నిలబడి.

 ఇటు తిరక్కుండా గోడకే చెప్పింది. ప్రయాణం రోజుల్లో పొద్దున్నే నేను బానెట్టు ఎత్తి, నీళ్లూ ఆయిలూ చూసి, అది అట్లాగే వదిలి స్నానానికి పోతాను. ఆ సందులో ఈమె బొట్టు పెట్టడానికి వెళ్లేదట. వంటింటి దాకా నడవలేనని కాఫీ మంచం దగ్గరికి తెప్పించుకునే మనిషి, గోడ పట్టుకుని వాకిలి దాటి కారు దాకా నడిచేది.

"బొట్టు ముందర పెట్టొచ్చు కదా, లోకమంతా పెట్టినట్టు?"

"ముందర ఏముండాది, రేకు" అంది అమ్మ ఇటు తిరిగి. "మగ్గానికి ఎప్పుడన్నా గుంజకు పెడితిమా బొట్టు? అటూ ఇటూ ఉరికే నాడెకు పెడితిమి, పోగును కొట్టే పన్నెకు పెడితిమి. పని చేసేదానికి పెట్టల్ల. నువ్వు బండి ఆన్ చేసినప్పుడు సూసినా, అది గిర్రున తిరుగుతాండె. దానికే పసుపు, బొట్టు పెట్టి, రోంత టెంకాయ నీళ్లు పోసినా."

నాకు అరుపు ఆగలేదు. నీళ్లు పోస్తే బ్రష్షులు అతుక్కుపోతాయని అరిచాను, నీ పూజ వల్లే నడిరోడ్డు మీద ఎండలో పడ్డామని అరిచాను. "రానంటావు, చాలంటావు, ఇంట్లో గొడవలు పెడతావు. రాని మనిషికి ఆ బండి తిరిగితే ఏం, తిరక్కపోతే ఏం?"

అమ్మ చెంగు అంచు వేలికి చుట్టుకుంది. నలభై ఏళ్లు పోగులు పట్టిన వేళ్లు, ఊరికే ఉండలేవు.

"ఆస్పత్రిలో మిషనుకు ముందర చిన్న చక్రముంటాది, సూసినావా. నా రగతం దాంట్లోనే పోతాది. మొదటి దినమే దానికి బొట్టు పెట్టబోతే నర్సుపాప చెయ్యి పట్టుకునింది. ఈడ ఏందీ తాకగూడదవ్వా అనింది. దానికి పెట్టనీలేదు." వేలికి చుట్టిన చెంగు విప్పుతూ అంది, "ఇంగ మనకుండేది ఈ బండే కదా."

నా కోపం తగ్గలేదు, పెరిగింది. ఇన్నాళ్లూ మమ్మల్ని కష్టపెట్టకూడదని "సాలు" అన్న ఈమె మీద, ఆ మాటను అడ్డం పెట్టుకుని బండి అమ్ముదామన్న అన్న మీద, ఎప్పుడూ అరవడమే తప్ప అమ్మను ఒక్కసారీ సరిగ్గా అడగని నా మీద. బతకాలని ఉందని చెప్పుకోవడానికి మా అమ్మకు ఇంట్లో మనిషి దొరకలేదు, డైనమో దొరికింది. మా అన్న పేపరు మడిచి కుర్చీలో పెట్టి, నా వెంట వచ్చి, అడక్కుండానే పెట్రోలు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. బండి అమ్మే మాట ఆ తర్వాత ఎత్తలేదు.

బ్రష్షులు కడిగి, గరుకు కాగితంతో కడ్డీ రుద్ది, అన్నీ తిరిగి బిగించాను. ఈసారి పానా టక్కున అతుక్కుంది. బండి స్టార్టు చేస్తే మీటరు పద్నాలుగు దాటింది. ఖాళీ క్యాన్లతో తిరిగొస్తున్న పాల సైకిలాయన, "బ్యాటరీనే కదా మేడమా?" అన్నాడు. నేనేమన్నానో ఇక్కడ రాయను.

సోమవారం తెల్లవారి బానెట్టు ఎత్తి, స్నానానికి పోకుండా అక్కడే కాపలా ఉన్నాను. అమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. ఒక చేతిలో కుంకుమ భరిణె, ఇంకో చేతిలో టెంకాయ నీళ్ల గ్లాసు. గ్లాసు లాక్కుని నేనే తాగేశాను. ఆమె తాగకూడదు, డాక్టరు ఒప్పడు. బానెట్టు మూసి, ముందు తలుపు తీశాను.

"తిరిగేదానికే కదా నీ బొట్టు? స్టీరింగు తిరగదా? దీనికి పెట్టు."

అమ్మ లోపలికి వంగి, దాన్ని అటూ ఇటూ కదిలించి చూసింది. నిజంగానే తిరుగుతోందని నమ్మకం కుదిరాక, ఉంగరపు వేలితో నడిమధ్యన బొట్టు పెట్టింది. పక్క సీట్లో కూర్చుని చెంగు సర్దుకుంది. నేను తాళంచెవి తిప్పకుండా ఆమె "సాలు" పాట కోసం ఎదురుచూశాను.

"ఏం సూస్తాండావు, పోనీ. ఆలిస్యమైతే నర్సుపాప నా మంచం ఇంగొకరికి ఇచ్చేస్తాది" అంది.