ఎదురుపార్టీ పుణ్యాన

ఆ రోజుల్లో నాకు నల్లకోటు మీద ఉన్న ప్రేమ చట్టం మీద ఉండేది కాదు. మిర్యాలగూడ ఎండల్లో కొత్తిమీర కట్ట కొనడానికి కూడా కోటు వేసుకుని, మెడకింద తెల్లపట్టీ పెట్టుకుని బయల్దేరేదాన్ని. (వడదెబ్బ ఎందుకు తగల్లేదో దేవుడికే తెలియాలి.) రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేసే మా నాయిన లోడుకొచ్చిన లారీ డ్రైవర్లను కూడా వదలకుండా "మా బిడ్డ వకీలు" అని చెప్పుకునేవాడు. తండ్రీబిడ్డలం ఇద్దరం ఒక చిన్న సంగతిని పట్టించుకోలేదు. డిగ్రీ చేతికొచ్చి, పేరు నమోదైనా సరే, గడువులోపల బార్ పరీక్ష పాసైతేనే ఆ కోటు ఒంటిమీద నిలుస్తుంది. లేదంటే మడతపెట్టి బీరువాలో పెట్టుకోవాల్సిందే.

ఆ పరీక్షకి చట్టాల పుస్తకాలు వెంట తీసుకెళ్లనిస్తారు. చూసుకుని రాయొచ్చు. ఇంకేం, నేను చదవడం మానేసి పుస్తకాలు సర్దడం మొదలుపెట్టాను. మిల్లులో హమాలీ బస్తా మోసినట్టు సంచీ మోసుకుంటూ హాల్లోకి వెళ్లాను. తీరా కూర్చున్నాక ప్రతి ప్రశ్నకీ ఒక పుస్తకం తీయడం, విషయసూచికలో వేలుపెట్టి వెతకడం, అది ఇందులో కాదని ఇంకోటి తీయడం, ఇలా సాగుతుండగానే గంట కొట్టేశారు. బల్ల నిండా పుస్తకాలు, జవాబు పత్రం సగం ఖాళీ. ఫలితం వచ్చిన రోజు నాయిన చాలాసేపు ఆలోచించి, "సూస్కొని రాసే పరీక్షల గూడ ఫెయిలైతరా బిడ్డా?" అని అడిగాడు. అందులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అందుకే నాకు ఏడుపు ఆగలేదు.

ఇక ఓదార్పులు మొదలయ్యాయి. ఎదురింటి టీచరమ్మ చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేయించింది. దాంతో నా సంగతి తెలియని నలుగురికి కూడా తెలిసిపోయింది. కోదాడ చిన్నమ్మ ఫోన్ చేసి, "నీకు బుర్ర లేక కాదమ్మా, అందులో అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. మా వీధిలో జ్ఞాపకశక్తి సారని ఒకాయన ఉన్నారు, సర్దేస్తారు" అని నన్ను కోదాడకి పిలిపించింది. ఆయన పద్ధతిలో హత్య అంటే మామిడిపండు, దొంగతనం అంటే జామకాయ, మోసం అంటే సీతాఫలం. ఒక్కో పండుకీ ఒక్కో సెక్షన్ నంబరు. నేను పండ్లబండి మొత్తం కంఠతా పట్టేసరికి దేశంలో పాత నేరచట్టం పోయి కొత్తది అమల్లోకొచ్చింది, నంబర్లన్నీ మారిపోయాయి. సారు ఏమాత్రం చలించలేదు. "పండ్లు అవే ఉంచుదామమ్మా, నంబర్లు మార్చుకో" అన్నారు. ఇప్పటికీ మామిడిపండు కోస్తుంటే నాకు రెండు నంబర్లు గుర్తొస్తాయి, తీపి తెలియదు.

సూర్యాపేటలో నేను ఎవరి ఆఫీసులో చేరానో ఆ సీనియర్ వకీలు సారు మాత్రం, "మా కాలంల ఈ పరీక్షలే లేకుండెనమ్మా" అని ధైర్యం చెప్పారు. (అది ధైర్యం ఎలా అవుతుందో ఆయన్నే అడగాలి.) చెప్పి, పాసయ్యేదాకా కోర్టు హాలు మొహం చూడనీయకుండా ఆఫీసులో టైపుకి కూర్చోబెట్టారు. గడువు దగ్గర పడుతోంది. ఇంకోసారి తప్పితే కోటుకి కర్పూరపు ఉండలే గతి.

అలాంటి ఒక పొద్దున సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన మొహం వేలాడేసుకుని కూర్చున్నాను. మధ్యలో ఒక ఊళ్లో ఎక్కే పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంది. పొలం గట్టు జరిపాడని మరిది మీద కేసు వేసి, వాయిదా వాయిదాకీ పేటకి వస్తుంటుందని బస్సులో అందరూ ఆమెను వాయిదా పెద్దమ్మ అంటారు. అసలు పేరు అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

"ఏం బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్?"

"పరీక్ష ఫెయిలైన, పెద్దమ్మా."

అయ్యో అంటుందనుకున్నాను. "అయితే ఏమాయె. నా కేసు నడువవట్టి ఎన్నేండ్లాయె, నేనేమన్న ఏడుస్తున్ననా? జర జరుగు" అంది. సర్దుక్కూర్చున్నాక, "వకీలు సదువు సదివినవ్ గద. ఇంజక్షన్ ఆర్డరంటే ఏంది? మా వకీలునడిగితే నీకు సమజ్ గాదు పో అంటడు" అని అడిగింది. నేను హుషారుగా సంచీలోంచి పుస్తకం తీశాను. ఆమె అరచెయ్యి అడ్డంపెట్టి మూసేసింది. "బుక్కు బంద్ చెయ్. నువ్వు ఎతికేలోపట పేట వస్తది. నోటితోని సెప్పు."

నోటితో రాలేదు. నాకు తెలిసిందల్లా అది ఏ పుస్తకంలో ఉందో మాత్రమే. ఆ సిగ్గుతో రాత్రి కూర్చుని చదివి, మళ్లీ ఆమె కనబడ్డప్పుడు, ఎదుటివాడు గట్టు జోలికి రాకుండా ఆపుతూ కోర్టు ఇచ్చే ఉత్తర్వే ఇంజక్షన్ అని అప్పజెప్పాను. అంతటితో వదుల్తుందా? "గట్లెందుకు?" అంది. ఆ ఒక్క మాటకి మళ్లీ చదవాల్సి వచ్చింది. పోనుపోను వెనక సీట్ల వాళ్లూ చేరారు. ఒక ముసలాయన, గట్టు జరిపినోడికి కూడా కోర్టు నోటీసు ఇచ్చి మర్యాద చేయడమేంటని పేట బస్టాండు దాకా నాతో కొట్లాడాడు. కండక్టర్ టికెట్లు కొడుతూనే తీర్పులిచ్చేవాడు. అన్నిటికంటే పెద్దమ్మకి పట్టింది వాయిదాల సంగతి. "మా మరిది వకీలు అడిగినప్పుడల్లా ఎందుకిస్తరు?" అంది. ఒక పార్టీకి మూడుసార్లకి మించి ఇవ్వకూడదని చట్టంలోనే ఉందని, గట్టిగా అడ్డుచెప్పమని మీ వకీలుకి చెప్పమని నేను ఆవేశంగా ఉపదేశించాను. "గట్లనా" అని ఆమె తలూపింది.

రెండోసారి పరీక్షకి సంచీ తీసుకెళ్లాను గానీ జిప్పు తీయలేదు. పాసయ్యాను. నాయిన లారీలు ఆపి మరీ చెప్పాడు.

మొదటిసారి హక్కుగా కోటు వేసుకుని వెళ్లిన రోజు సారు నా చేతిలో ఒక ఫైలు పెట్టి, "నాకు వేరే కోర్టుల పనుంది. మన పార్టీ తరఫున నిలబడి వాయిదా అడుగు, అంతే" అన్నారు. పిలుపు వచ్చింది. లేచి నిలబడి పక్కకి చూద్దును కదా, ఎదురుపార్టీగా వాయిదా పెద్దమ్మ. అంటే మన పార్టీ ఆ మరిది. ఇన్నాళ్లూ నేను బస్సులో మా సారుకి వ్యతిరేకంగా కోచింగ్ ఇచ్చానన్నమాట. (ఈ సంగతి సారుకి ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.)

సారు చెప్పినట్టే వాయిదా అడిగాను. ఆమె వకీలు లేచి, మూడుసార్లకి మించి ఇవ్వకూడదంటూ నా మాటలే నాకు అప్పజెప్పాడు. "అయితే మీరే వాదించండి" అన్నారు జడ్జిగారు. గబగబా ఫైల్లో కాగితాలు తిరగేస్తుంటే, ఎదుటి వైపు నుంచి పెద్దమ్మ అలవాటుకొద్దీ అరచెయ్యి బోర్లించి, మూసెయ్యమని సైగ చేసింది. మూసేశాను. వాదించాను. ఏ మాటకి ఎక్కడ "గట్లెందుకు" అంటారో ముందే తెలుసు కాబట్టి ఎక్కడా తడబడలేదు. అయినా ఇంజక్షన్ ఆర్డర్ ఆమెకే వచ్చింది.

సాయంత్రం బస్సులో నాకోసం సీటు పట్టి ఉంచింది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను పళ్లు కొరుకుతూ.

"పేటకొచ్చినప్పుడల్ల నువ్వు మా మరిది వకీలు ఆఫీసుల జొరవడుడు సూస్తనే ఉన్న గద."

"మరి చెప్పలేదేం?"

"సెప్తే నువ్వు సెప్పకపోదువు." తాపీగా పల్లీల పొట్లం విప్పి నా ఒళ్లో పెట్టింది. "ఇప్పుడేమాయె? నువ్వు పాసైతివి, నాకు ఆర్డరొచ్చె. ఇగ మీ సారు అప్పీలు ఏస్తడా? గదెట్లుంటది, సెప్పు."

ఉక్రోషంతో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పల్లీలు మాత్రం తిన్నాను.

ఇప్పుడు నా దగ్గరా జూనియర్లున్నారు. పరీక్ష తప్పి కళ్లనీళ్లతో వస్తారు. టీ తెప్పిస్తాను, మంచి మాటలన్నీ చెప్తాను, అవి పనిచేయవని చెప్తున్నప్పుడే తెలుస్తుంటుంది. కిటికీ వైపు తిరిగి పల్లీలు నమిలిన ఆ కోటు పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎంత అదృష్టవంతురాలో దానికి అప్పుడు తెలియదు. ఈ పిల్లలకి అంత మంచి ఎదురుపార్టీని నేనెక్కణ్ణుంచి తెచ్చివ్వను?