కొడవలి ఎత్తిన అవ్వ బొమ్మ

ఏడేండ్ల సంది ఒక్క అబద్ధాన్ని మోస్తున్న. అన్నం తింటుంటే యాదికొస్తది. ఆఫీసుల ఎవరన్న నన్ను మెచ్చుకుంటే ఇంకా గట్టిగ యాదికొస్తది. నువ్వెవరో నాకు ఎరుక లేదు, నేనెవరో నీకు ఎరుక లేదు, అందుకే నీకు చెప్తున్న. ఎరుకైనోళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేండ్లు ఎందుకు దాస్త?

మాది చిట్యాల. స్వరూప వాళ్లది మా వెనుక గల్లీ. వాళ్లింట్ల మగ్గం ఉండె. ఇద్దరం నకిరేకల్‌ల డిగ్రీ చదివినం. ఒకసారి హైదరాబాదుల మా చిన్నమ్మ బిడ్డ మాకు ఒక ఆట చూపెట్టింది. బల్ల మీద పటం పరిచి, వేలెడంత సిపాయి బొమ్మలు నిలబెట్టి, పాచికలేసి యుద్ధం ఆడుతరు. ఆ బొమ్మ ఒక్కోటి మా నెల బస్సుపాసు కంటె పిరం. కొనుడు మనతోని కాదు, మనమే చేద్దాం అన్నది స్వరూప.

చేసింది కూడ. ఇండ్లు కట్టేకాడ పారేసిన సన్న తీగ ఏరుకొచ్చి మనిషి లెక్క వంచేది. నల్లా పైపు కారితే పెట్టే ముద్దను ఆ తీగకు పట్టించేది. సూది మొనతోని కండ్లు, ముక్కు. కింద పీటకు సోడా మూత. డాలుకు మందుగోలీల రేకు. జుట్టుకు మగ్గం కాడ రాలిన పోగులు. ఆమె సిపాయిలు కూడ వేరే తీరు. మోకు కట్టి తాటిచెట్టు ఎక్కే గౌడాయన, గొంగడి కప్పుకున్న గొల్లాయన, కొడవలి ఎత్తిన ముసలవ్వ. జొన్నగింజంత మొకంల ఆ అవ్వ కోపం కనపడేది. చిన్నప్పటి సంది చీరె నూలుకు ముడులు కట్టిన వేళ్లు మరి.

నేనేం చేసిన? రంగులేసిన. గోర్ల రంగు, బోర్డులు రాసేటాయన దగ్గర మిగిలిన రంగు. బాగనే ఏసిన. కాని పానం పోసింది ఆమె.

ఫోను నాది. ఫోటోలు తీసి నెట్ల నా పేరు మీద పెట్టిన. ఆమెకు ఫోను లేకుండె, గంతే అనుకున్న. నిజంగ గంతేనా? కింద ఆమె పేరు రాసేటందుకు ఎంత సేపు పడుతుండె?

ఆ ఫోటోలు చూసి హైదరాబాదుల ఆటలు తయారు చేసే చిన్న కంపెనీవాళ్లు రమ్మన్నరు. అప్పుడు స్వరూప వాళ్ల నాయిన దవాఖానల ఉండె. నువ్వు పోయి చూపెట్టి రా అని ఎనిమిది బొమ్మలను దూదిల చుట్టి నా చేతిల పెట్టింది. అక్కడి పెద్దసారు అవ్వ బొమ్మను తిప్పి తిప్పి చూసిండు. ఇవి చేసింది మీరేనా అని అడిగిండు.

ఔనన్న.

ఉన్నది ఒక్కటే ఉద్యోగం, నిజం చెప్తే నన్ను పంపిచ్చి ఆమెను పిలుస్తరని బుగులైంది. అక్కడికక్కడే పనిల తీసుకున్నరు.

తెల్లారి పొద్దుగాల స్వరూప మా ఇంటికి ఉరికొచ్చింది.

"ఏమన్నరే నా బొమ్మలను జూసి?"

"ఏమనలే. గిసొంటివి మస్తు వస్తయట వాళ్లకు, ఆ కుప్పలనే పెట్టుకున్నరు. రంగులు మంచిగున్నయన్నరు. నన్ను రంగుల పనికి తీసుకుంటరట."

నా చెయ్యి పట్టుకున్నది. "పోనియ్యే. నీ రంగులన్న నచ్చినయ్ గద."

పేరు దొంగిలిస్తే ఎన్నడన్న తెచ్చియ్యొచ్చేమో. తన చేతి మీద తనకే నమ్మకం పోతే ఎవరు తెచ్చిస్తరు? ఆమె మళ్ల బొమ్మ ముట్టలే. చౌటుప్పల్‌ల మందుల ఫ్యాక్టరీల ప్యాకింగు పనికి చేరింది.

నన్నేమో మొదటి నెలలనే ముద్ద ముందటేసి కొత్త బొమ్మ చెయ్యమన్నరు. చేతి నరం పట్టిందని చెప్పి కట్టు కట్టుకున్న. మళ్లడిగితే మళ్ల అదే సాకు. ఆఖరికి నన్ను రంగుల పనికే మార్చిండ్రు. ఆ ఎనిమిది బొమ్మలకు అచ్చులు పోసి ఆట డబ్బా తెచ్చిండ్రు. డబ్బా వెనుక నా పేరు. ఇప్పటికీ కొత్తగ చేరినోళ్లు, అక్కా ఆ అవ్వను ఎట్ల జేసినవో జర చూపెట్టు అంటే పని ఉన్నదని లేచిపోత. స్వరూప ఏ దుకాణంలనన్న ఆ డబ్బా చూస్తే? తిప్పి వెనుక చదివితే? డబ్బా అమ్ముడుపోయిన కొద్దీ అందరు సంబురపడ్తరు, నేను ఇంకో ఇంటికి చేరిందని భయపడ్త.

పోయిన నెల చిట్యాల బస్టాండుల కలిసింది. డ్యూటీ దిగి వస్తాంది. పాత ముచ్చట్లు వచ్చినయి. నవ్వుకుంటనే అన్నది, నాకు ఆ చెయ్యి లేకుండె, ఊకె పిచ్చి, నీకున్నది గనుక పైకొచ్చినవ్ అని.

నోరు తెరిసిన. ఇప్పుడు చెప్త, ఇప్పుడే చెప్త అనుకున్న. బస్సు వస్తాంది అన్న. ఎక్కిన. కిటికీల నుంచి సూడలే.

మాఫ్ చేస్తదా అని అడిగే హక్కు నాకు లేదు. అడగాలంటే ముందుగాల చెప్పాలె గద. ఎన్నడన్న చెప్తనా? నా మీద నాకే నమ్మకం లేదు. ఇది రాసినంక మాత్రం జర నిమ్మళంగ ఉన్నది. అవ్వను చేసింది స్వరూప. గౌడాయనను చేసింది స్వరూప. ఎనిమిదింటినీ ఆమెనే చేసింది. వాళ్లకు నచ్చినయి. మస్తు నచ్చినయి.