ఆర్మూరులో నేను నేసిన జానెడు గుడ్డ

పొద్దున ఆరున్నరకు హైదరాబాదు గౌలిగూడలో నిర్మల్ బస్సు ఎక్కేటప్పటికే మా ఆవిడ సుశీలకూ నాకూ మాటల్లేవు. ఆర్మూరులో పెద్దవాళ్లు కొందరు జీతం భత్యం లేకుండా ఒక నేత మ్యూజియం నడుపుతున్నారని, అందులో మగ్గాలు నిజంగానే ఆడతాయని ఎక్కడో విని, చూసి తీరాలని పట్టుబట్టింది. "కాలితో తొక్కడం, చేత్తో తాడు లాగడం. అందులో చూడ్డానికేముంది?" అన్నాను. వాదనలో ఓడిపోవడమే కాక కిటికీ సీటు కూడా పోగొట్టుకున్నాను.

కామారెడ్డిలో ఇడ్లీ చల్లగా, టీ వేడిగా దొరికాయి. అక్కడ మా పక్కన కూర్చున్న మోర్తాడ్ పెద్దాయన ఒళ్లో కొడుకు దుబాయి నుంచి పంపిన టేప్ రికార్డరు ఉంది. మగ్గాలు చూడబోతున్నామంటే ఆయన నన్ను జాలిగా చూశాడు.

"బస్సు కిరాయి పెట్టుకోని మగ్గం సూడవోతున్నరా? మా ఇంట్ల మగ్గం పొయిల పెట్టి ఎన్నేండ్లాయెనో!"

సుశీల వినేలా గట్టిగా నవ్వాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మా బస్సు ఊళ్లోకి వెళ్లదన్నారు. పదకొండున్నరకు ఊరి బయట పెర్కిట్‌లో దిగి ఆటో ఎక్కాం. పసుపు సీజను కావడంతో మార్కెట్టు దాటేసరికి నా తెల్లచొక్కా నిండా పసుపు దుమ్మే; చూసినవాళ్లెవరైనా నన్ను మళ్లీ పెళ్లికొడుకును చేశారనుకుంటారు. వెళ్లేవాళ్లు ముదురు రంగు బట్టలు వేసుకోవడం మంచిది.

మ్యూజియం అంటే పెంకుల షెడ్డు. అరుగు మీద గుమ్మం దాకా పసుపు బస్తాలు పేర్చి ఉన్నాయి. లోపల మగ్గాలన్నీ మూగగా ఉన్నాయి. కాలికి కట్టుతో ఒక ముసలాయన స్టూలు మీద కూర్చున్నాడు. పేరు లింబాద్రి.

"ఇవాళ సెలవా?" అన్నాను.

"సెలవనకు సారూ! గా మాట సేటు చెవుల పడ్డదంటె మా పని ఖతం."

సంగతేమిటంటే, ఆ షెడ్డు రాజన్న సేటు అనే పసుపు వ్యాపారిది. మూలనున్న మగ్గం మీద ఆయన తండ్రి నేసేవాడు. తండ్రి మీది గౌరవంతో షెడ్డు ఇచ్చాడు గాని, మగ్గం చప్పుడు ఒక్కరోజు వినబడకపోయినా బస్తాలు లోపల పెట్టేస్తానని షరతు పెట్టాడు. రోజూ భోజనానికి ఇంటికి వెళ్తూ స్కూటరు ఆపి చెవి పెడతాడట. ఇవాళ నేసేవాళ్లంతా మోర్తాడ్‌లో పెళ్లికి పోయారు. ఒక్కడినే నడిపిస్తానని మాటిచ్చిన లింబాద్రి కాలు పొద్దున్నే దెబ్బతింది.

"గా సేటు బస్తానే జారి నా కాలు మీద పడ్డది. దవాఖానల కట్టు కట్టిన్రు. ఎట్ల తొక్కాలె?"

"మావారు తొక్కుతారు" అంది సుశీల. "కాలితో తొక్కడం, చేత్తో తాడు లాగడం. అంతేగా?"

పొద్దుట్నుంచీ నాతో ఆవిడ ఆడిన మొదటి మాట అది.

మూల మగ్గం మీదే దారం ఎక్కించి ఉంది. దాని కింది గుంటలో కాళ్లు దింపి కూర్చున్నాను. తాడు లాగగానే దారం మోసే నాడె ఎగిరి గోడకు తగిలింది. రెండోసారి రెండు కాళ్లూ ఒకేసారి తొక్కాను. కష్టపడి చివరికి ఏదో చప్పుడు పుట్టించాను: టక్కు, కాసేపు ఏమీ లేదు, టకటక, ధన్.

బయట స్కూటరు ఆగింది.

"ఆపకు సారూ, నీ కాళ్లు మొక్కుత!" అన్నాడు లింబాద్రి గుసగుసగా. ఆయన ముఖం చూసి నాకు నిజంగా భయమేసింది. పొద్దున నేను వెక్కిరించిన మ్యూజియం నా కాళ్ల కిందే మూతపడితే భరించలేననిపించి, చెమటలు కక్కుతూ తొక్కాను.

రాజన్న సేటు లోపలికే వచ్చేశాడు. "ఎవడయ్యా గాడు? మా నాయిన మగ్గాన్ని గట్ల తంతున్నడు!"

"చప్పుడైతె వస్తుంది గద సేటూ" అన్నాడు లింబాద్రి.

"గిది చప్పుడా? ఇరుసు ఇరిగిన బండి లెక్క ఉన్నది! లే సారూ, జర లే."

నేను గుంటలోంచి పైకి రాగానే ఆయన చెప్పులు విడిచి, ధోవతి మోకాళ్ల పైకి దోపుకుని దిగాడు. నేను తెంపిన పోగులు తిట్టుకుంటూ ముడేశాడు. తర్వాత టక్ టక్, టక్ టక్. తూకం తప్పని చప్పుడు షెడ్డంతా నిండింది. సుశీల నోరు తెరుచుకుని చూస్తోంది. నేనూ అంతే.

ఒక హమాలీ గుమ్మంలోకి తల పెట్టాడు. "సేటూ, బస్తాలు లోపట ఎయ్యాల్నా?"

సేటు తల ఎత్తలేదు. "ఏడ ఏస్తవురా? మగ్గం నడుస్తుంటె కనవడ్తలేదా?"

లింబాద్రి అటు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మమ్మల్ని సాగనంపుతూ, వంకరటింకరగా నేను నేసిన జానెడు గుడ్డను మ్యూజియంలోనే పెడతానన్నాడు.

"మంచి నేత మస్తుగున్నది సారూ. చెడ నేసింది ఒక్కటన్న ఉండాలె గద సూపెట్టనీకి."

పెర్కిట్‌లో నాలుగింటి బస్సుకు సీట్లు దొరికాయి. ఆర్మూరు వెళ్లేవాళ్లు తప్పకుండా చూడాల్సిన చోటు అది. ఆ జానెడు గుడ్డ ఎవరిదని మాత్రం అడగకండి. మేం షెడ్డు నుంచి బయల్దేరేటప్పుడు కూడా సేటు భోజనానికి లేవలేదు. సందు మలుపు దాకా ఆ చప్పుడు వినబడింది. బస్సులో సుశీల కిటికీ సీటు నాకు వదిలేసింది.