గోడవైపు కుర్చీ

మా మామ పోయారని పెనుకొండ నుంచి ఫోను వచ్చింది. బంధువుల ఇంటికని వెళ్ళి, బస్సు దిగి, టీకొట్లో నీళ్ళడిగి అక్కడే ఒరిగిపోయారట. "ఎవురమ్మా మాట్లాడేది?" అని అవతలి మనిషి అడుగుతుంటే, కోడల్నని కూడా చెప్పలేక ఫోను మా ఆయన చేతిలో పెట్టాను. నా సిగ్గు అలాంటిది.

హిందూపురంలో మామది తుపాకులు బాగుచేసే లైసెన్సు కొట్టు. చేలోకి వచ్చే అడవిపందులతో వేగలేని రైతులు, కాపలా ఉద్యోగాలవాళ్ళు వచ్చేవారు. కొట్టు వెనక గదుల్లో మా కాపురం. మా ఆయన ఎర్రమంచి ఫ్యాక్టరీకి పోతే పగలంతా మామా, నేనే.

చక్కెర జబ్బుతో మామ వేళ్ళు మొద్దుబారాయి. ఒకరోజు వంటింటి గడప అవతల నిలబడి, "అమ్మయ్యా, ధర్మవరంలో మగ్గం మీద తెగిన పోగు కండ్లు మూసుకోని పట్టేదానివంట గదా. ఆ వేళ్ళతో నాకొక పని ఉండాది" అన్నారు.

తూటా ఆకారంలో రెండు ఉక్కు ముక్కలు, రైఫిలు కాల్చడానికి పనికొస్తుందో లేదో చూసేవి. రైఫిలు ఖాళీ చేసి, తూటా వెనక తలుపులా మూసుకునే బోల్టు లోపలి స్ప్రింగు తీసి, తూటా కూర్చునే గదిని గుడ్డతో తుడిచి నాకిచ్చేవారు. మొదటి ముక్క పెడితే బోల్టు సులువుగా మూసుకోవాలి. నా పాత పట్టుచీర పేలికలో, ఎర్రదానిలో, చుట్టిపెట్టిన రెండోదాని మీద మూసుకోకూడదు. మూసుకుంటే తూటా వెనక సందు పెరిగినట్టు. అలాంటి రైఫిలు పేల్చితే తూటా ఇత్తడి గొట్టం చిట్లి, మంట పేల్చినవాడి కంటిమీదికే రావచ్చు.

"ఒక్క వేలితో తొయ్యి. బలం పెడితే ఇనుము అబద్ధం చెప్తాది" అనేవారు.

మామ ఎదుట నిలబడితే నాకు నోరు పెగలదు. "మూసుకున్యాదా?" అంటే తల ఊపేదాన్ని. ఆయన కసరలేదు. మరునాడు తన కుర్చీని గోడవైపు తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నారు. "మూసుకుంటే బల్ల మీద తట్టు. లేకుంటే ఊరకుండు" అన్నారు. అంత పెద్దాయన నా సిగ్గు కోసం గోడను చూస్తూ కూర్చున్నారు.

"ఏమప్పా, గోడతో మాట్లాడతాండావే" అని కొట్టుకొచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు.

"గోడ అబద్ధం చెప్పదులేప్పా" అనేవారు మామ.

పెనుకొండకు వెళ్ళే ముందురోజు ఒక రామగిరి రైతు రైఫిలు చూశాం. ఎర్రగుడ్డలోని రెండో ఉక్కు ముక్క మీద బోల్టు మూసుకుంది. మామ తూటా గదిని మళ్ళీ తుడిచారు. మళ్ళీ మూసుకుంది. తట్టాను. "ఇది కాల్చేది కాదు. ఆయప్పకు నేను చెప్తాలే" అని బోల్టు బిగించి బీరువాలో పెట్టారు. చెప్పడానికి తిరిగి రాలేదు.

కర్మలయ్యాక ఆ రైతు వచ్చాడు. మా ఆయన రైఫిలు తీసి ఇచ్చాడు.

"పెద్దాయన బాగుచేసినాడా అప్పా?"

"నూనె పెట్టి తుడిచిపెట్టినాడన్నా. చేసినట్టే ఉండాది."

"మంచిదాయ. పందులు చేనంతా తవ్వేస్తాండాయి. ఈ పొద్దే కాల్చల్ల."

నేను తలుపు వెనక ఉన్నాను. నోరు రాక తలుపు మీద తట్టాను. మళ్ళీ గట్టిగా తట్టాను.

"ఏందప్పా, ఇంట్లో ఎలకలు పడినాయా?" అని నవ్వి, రైతు రైఫిలు భుజాన వేసుకుని మెట్టు దిగాడు. నా తట్టుడు అర్థమయ్యే మనిషి ఇక లేరని అప్పుడు తెలిసింది.

"కాల్చొద్దన్నా" అన్నాను. గుమ్మం దాటి ఎప్పుడొచ్చానో నాకే తెలియదు. "మూసుకోకూడని ముక్క మీద మూసుకుంటాంది. కండ్లు పోతాయి. మామ చెప్పినాడు."

"నీకెట్ల తెలుసమ్మా?"

"నా వేలితోనే చూసినాము."

అతను నా చేతివైపు చూశాడు. భుజం మీది రైఫిలు దించి బల్ల మీద పెట్టాడు. మా ఆయన మాత్రం ఇంకా నన్నే చూస్తున్నాడు.

ఆ కొట్లో నేను నోరు తెరిచి అన్న మొదటి మాట అది. మామ అన్నాళ్ళు వీపు తిప్పి కూర్చున్నది అలాంటి ఒక్క మాట కోసమేనేమో. వినకుండానే పోయారు.

ఊడ్చేటప్పుడు ఆ కుర్చీ జరుపుతాను. ఊడ్చాక మళ్ళీ గోడవైపే తిప్పి పెడతాను. ఆయన నుదురు ఆనినచోట గోడ మీద చిన్న నూనె మరక ఉంది. దాని మీద ఇంతవరకు తడిగుడ్డ పెట్టలేదు.