చెల్లి ఆపిన మైకు

మా ఇంట్లో అందరిదీ మంచి గొంతే, చెల్లిది తప్ప. అది నోరు తెరిస్తే అపశ్రుతే. అలాంటిది సంగీత వ్యాపారం చదువుతానని పట్టుబట్టి కాలేజీలో చేరింది.

"పాడటం రాదు గానీ పాటలమ్ముతుందట!" అని బంధువులు నవ్వారు.

పరీక్షలో భాగంగా ఒక కచేరీ నడిపించాలి. ముందు నాన్న పాడే, నేను కీబోర్డు వాయించే మా బృందానికి అరగంట, తర్వాత కొత్తపిల్లల బృందానికి అరగంట ఇచ్చింది. చప్పట్లు వినిపిస్తే నాన్నకు గడియారం కనిపించదు. సమయం అయిపోయిందని చెల్లి పక్కనుంచి చెయ్యెత్తి చూపింది. ఆయన ఇంకో పల్లవి ఎత్తుకున్నాడు. చెల్లి మైకు ఆపేసింది. నేనూ కీబోర్డు వాయించడం ఆపేశాను.

ఇంటికొచ్చాక నాన్న చిందులు తొక్కాడు. "కన్నతండ్రి గొంతు నొక్కేస్తావా?"

చెల్లి తల దించలేదు. "ఆ పిల్లలకీ గొంతుంది నాన్నా. వచ్చేసారి కూడా ఆపుతాను."