పత్తి అనుకున్నాం

నీళ్లు లేక ఎండిన తోట అయ్యుంటే నాకింత కడుపుమంట ఉండేది కాదు. మా సీమలో నీళ్లు లేకపోవడం కొత్తా, వింతా? మా చీనీ తోట, కోస్తావాళ్లు బత్తాయి అంటారే అది, బావిలో నీళ్లుండగానే పోయింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మా ఆయన పులివెందుల దగ్గర మా చేలో బావి తవ్వి, ఎద్దులతో కపిల తోలి, తోలుబాన నీళ్లు పారించి ఆ మొక్కల్ని పెంచాడు. పెళ్లయిన కొత్తలో నాతో మాట్లాడిన మాటల కంటే వాటితో మాట్లాడినవే ఎక్కువ. నేను ఎగతాళి చేస్తే, "నువ్వు అలిగితే పుట్టింటికి పోతావు, అవి యాడికి పోతాయి మే?" అనేవాడు. మొదటి కాపు కోసం కళ్లల్లో వత్తులేసుకొని చూస్తున్న ఏడు అది. ఈ కాపు చేతికొస్తే తోట నిలుస్తుంది, రాకపోతే మళ్లీ కొర్రా జొన్నా గతి అని ఇంటిల్లిపాదికీ చెప్పిపెట్టాడు.

మా చేను పక్కనే ప్రొద్దుటూరు మిల్లులకు పోయే పత్తి బండ్ల బాట. పత్తి తీసే కాలంలో బాట పొడుగునా కంపకూ చెట్లకూ దూది పింజలు తగులుకొని ఉండేవి. మా అత్త వాటిని ఏరుకొచ్చి దీపానికి వత్తులు చేసేది. ఊళ్లో ఆడవాళ్లంతా చేసే పనే. బండి మీది పత్తి ముట్టుకుంటే దొంగతనం, కంపకు తగులుకున్నది దేవుడిచ్చింది, అదీ మా లెక్క. అందుకే ఆ ఏడు చీనీ కొమ్మల మీద తెల్లగా కనబడితే ఎవ్వరమూ ఆగి చూడలేదు. ఇంతమంది కళ్లుండీ ఏం లాభం!

ఒకరోజు మా అత్త వేళ్లు చూపించింది. "ఏందో అమ్మీ, ఈ పత్తి లాగితే రాల్యా. బంకబంకగా ఉంది. నలిపితే ఎర్రగా కారతాంది సూడు."

"పత్తికి నెత్తురేందిమా, నీకు చత్వారం" అని మా ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వేసి వత్తులు చేసుకుంది.

పత్తి కాలం అయిపోయి బండ్లు పోవడం ఆగిపోయింది. దూది మాత్రం పోలేదు, రోజురోజుకూ ఎక్కువైంది. ఆకుల మీద మసి పట్టింది. కాండం మీద చీమలు బారులు కట్టాయి, కొమ్మల కొసలు ఎండడం మొదలుపెట్టాయి. అప్పుడు మా ఆయన పరుగున పోయి వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరును పిలుచుకొచ్చాడు. కోస్తా మనిషి. సైకిలు దిగి ఒక కొమ్మ వంచి చూశాడు.

"ఇది దూది కాదండీ, పురుగు. పై దేశాల నుంచి అంటుమొక్కలతో పాటు మన దేశానికి వచ్చింది. ఈ తెల్లదంతా దాని గుడ్ల సంచి."

మా అత్త రెండు చేతులూ చూసుకుంది. "అయ్యో శివా! పురుగు గుడ్లతో నీకు దీపం పెట్టినానా సామీ!" అని లబలబ మొత్తుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

కొన్నాళ్లకు డిమాన్‌స్ట్రేటరు రేకు డబ్బాలో అక్షింతల పురుగులు తెచ్చి చెట్ల మీద వదిలాడు. ఎర్రవి, వీపు మీద నల్ల మచ్చలు. అవి ఆ తెల్ల పురుగును తింటాయట. మందులేవీ కొట్టొద్దని, మళ్లీ వచ్చి చూస్తానని చెప్పిపోయాడు. అప్పటినుంచి మా ఆయన తెల్లవారితే చాలు, చెట్టుచెట్టుకూ పోయి ఆకులు తిప్పి చూసేవాడు. "తింటాండాయి మే, బాగా తింటాండాయి" అని నాకొచ్చి చెప్పేవాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖాన నవ్వు చూశాను.

ఆ నవ్వు ఎంతో కాలం లేదు. ఒక పొద్దున ముఖం మాడ్చుకొని వచ్చాడు. "తెల్ల సంచుల నడుమ ఎర్రెర్రగా కొత్త పురుగులు పుట్టినాయి. పాకుతాండాయి. మచ్చల పురుగు సూద్దామన్నా యాడా కనపడల్యా."

పోయి చూస్తే నిజమే, కొమ్మ కొమ్మకూ ఉన్నాయి. డిమాన్‌స్ట్రేటరు కోసం కబురు పెడితే జ్వరమొచ్చి పడుకున్నాడన్నారు. "సూస్తా కూర్చుంటే కాపు పాయె" అని మా ఆయన, ఇండ్లల్లో దోమలకు కొట్టే డీడీటీ పొడి ఎవరినో బతిమాలి తెచ్చాడు. నీళ్లలో కలిపి వరసగా కొట్టుకుంటూ వచ్చాడు. బావి పక్కనున్న కడపటి వరసకు వచ్చేసరికి మందు అయిపోయింది. ఎర్ర పురుగులు జలజలా రాలాయి. మా ఆయన వాటిని చెప్పుతో నలిపి, ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడు.

జ్వరం తగ్గి డిమాన్‌స్ట్రేటరు వచ్చాడు. చెట్ల కింద రాలినవాటిని ఆకుతో ఎత్తి చూసి అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

"ఇవి అక్షింతల పురుగు పిల్లలండీ. పెద్దవాటి కంటే ఇవే ఎక్కువ తింటాయి. పిల్లలు ఇట్లా ఉంటాయని మీకు చెప్పకపోయానే!"

కొరివితో తల గోక్కోవడం అంటే అదీ. ఆ మందు తెల్ల సంచుల్లోని పురుగుకు అంటలేదు, దాన్ని తినేవాటినే చంపింది. చెట్లమీద ఆ విషం ఉన్నన్నాళ్లూ కొత్తవి తెచ్చి వదిలినా బతకవని ఆయన చెప్పాడు. తెల్లది చెట్లను పీల్చిపారేసింది. ఆకు రాలింది, పిందె రాలింది, తోటంతా పుల్లలై నిలబడింది.

మందు చాలని ఆ ఒక్క వరస తప్ప! అక్కడ పిల్ల పురుగులు ఒక్క తెల్లచుక్క లేకుండా తినేశాయి. చెట్లు పచ్చగా తేరుకున్నాయి, గుత్తులు గుత్తులుగా కాశాయి. బాటన పోయేవాళ్లు ఆగి, "ఈ వరసకు ఏం మందు కొట్టినావు మామా? మాకూ చెప్పప్పా" అని అడిగేవాళ్లు. పాపం, వాళ్లు తెలియకే అడిగారు. మా ఆయన అక్కణ్నుంచి లేచి పోయేవాడు. రానురాను ఆ బావి వైపే పోవడం మానేశాడు.

ఎండినవాటిని కొట్టడానికి గొడ్డలి తీసుకున్న రోజు, అవన్నీ కొట్టి, ఆగకుండా ఆ పచ్చటి వరస దగ్గరికి వచ్చాడు. నేను అడ్డంపడ్డాను.

"ఏం చేస్తాండావయ్యా? ఇవి బతికినాయి గదా!"

"బతికినాయి గాబట్టే. వీటిని సూసినప్పుడల్లా తక్కినవన్నీ బతికేటివేనని తెలుస్తాది. నా చేత కాదు మే. తప్పుకో."

మా అత్త కొడుకు చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాడు. నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఆ చెట్లు నిలబడితే ఈ మనిషి నిలబడడేమోనని భయం. ఏడుస్తూనే పక్కకు తప్పుకున్నాను. చెట్టు పడినప్పుడల్లా కాయలు దొర్లుకుంటూ కపిల బాటలోకి పోయాయి. అత్తా నేనూ వంగి కొంగుల్లోకి ఏరుకున్నాం. పుల్లటి పచ్చికాయలు, గొడ్లు కూడా ముట్టవు. అయినా ఏరాం.

మా అత్త ఒకటి చేతిలో తిప్పి చూసి, "ఇంగో నెల ఉండింటే పండేటివి" అంది.